‘కాలేదు’ కాదు, ‘చేసుకోలేదు’

మగవాడు పెళ్ళి చేసుకుంటాడు. ఆడపిల్లకి పెళ్ళవుతుంది. తెలుగు వాడుక ఇది. మగవాడి విషయంలో రెండు మాటలూ చెల్లుతాయి. ‘వాడికింకా పెళ్ళి కాలేదు’ అనొచ్చు, ‘వాడు పెళ్ళి చేసుకోలేదు’ అని కూడా అనొచ్చు. రెండోది అన్నప్పుడు వినేవాళ్ళ ముఖంలో కొంచెం మర్యాద కూడా కనిపిస్తుంది. ఉద్యమం కోసమో, చెల్లెళ్ళ కోసమో, చదువు కోసమో త్యాగం చేశాడనుకుంటారు. ఆడదానికి మాత్రం మొదటి మాట ఒక్కటే మిగిల్చారు. వాన పడలేదన్నట్టు, పంట రాలేదన్నట్టు ఆమెకి పెళ్ళి కాలేదు. ఆ వాక్యంలో ఆమె ఏమీ చెయ్యదు. ఆమెకి జరగాల్సింది ఒకటి జరగలేదంతే.

నాకు యాభై దాటాయి. గుంటూరు వైపు ఒక మాదిగపల్లెలో పుట్టాను. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. కొన్నేళ్ళ కిందట ఒక దళిత కవితా సంకలనానికి నా పరిచయం రాసి పంపుతూ ఈ ముక్కే రాశాను. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే ‘అవివాహిత’ అని ఉంది. ఎవరో దిద్దారు. దిద్దినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, మనవాళ్ళే. చెడ్డ ఉద్దేశం కూడా ఉండకపోవచ్చు. అచ్చులోకి వచ్చేటప్పుడు కాస్త మర్యాదగా ఉండాలని మార్చి ఉంటారు. అదే పుస్తకంలో పెళ్ళి లేని మగకవులు ముగ్గురున్నారు. వాళ్ళ పరిచయాల్లో పెళ్ళి ఊసే లేదు.

ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా అనొచ్చు. మాటలతోనే గదా మనల్ని ఊరి బయట కూర్చోబెట్టింది. అస్పృశ్యులు, పంచములు, హరిజనులు అన్న మాటలన్నిటితోనూ తగువు పడి ‘దళితులు’ అనే మాటని తలకెత్తుకున్నవాళ్ళం మనం. మరి పెళ్ళి దగ్గరకొచ్చేసరికి ఎవరి మాటలు వాడుతున్నాం? ఆ మాటలు ఎవరి ఇళ్ళల్లో పుట్టాయి, ఎవరి సొత్తుకి కాపలా కాశాయి? ఇది అడక్కుండా కులం మీద ఎంత రాసినా సగమే రాసినట్టని నా అభిప్రాయం.

ముందు ‘కన్య’ సంగతి చూద్దాం. పరాశర స్మృతి లెక్కలో ఎనిమిదేళ్ళ పిల్ల గౌరి, తొమ్మిదేళ్ళది రోహిణి, పదేళ్ళది కన్య. ఆపైన రజస్వల. అంటే కన్య అన్నది పిల్ల మంచిచెడ్డలు చెప్పే మాట కాదు, తండ్రికి గడువు చెప్పే మాట. ఇచ్చేవాడు తండ్రి, పుచ్చుకునేవాడు అల్లుడు. గోదానం, భూదానం, కన్యాదానం. ఆవుని గాని పొలాన్ని గాని నీకిష్టమేనా అని అడిగినవాళ్ళు లేరు.

దానం ఇవ్వాలంటే ముందు సొత్తు ఉండాలి. పదేళ్ళకి మాయమ్మ ఆసామి గొడ్లచావిట్లో పేడ ఎత్తేది. పన్నెండేళ్ళకి మిరపకాయ కోతకి పోయింది. ఆమె చెయ్యీ ఆమె పొద్దూ ఆసామివి. ఆమెని ‘దానం’ ఇచ్చే స్తోమత మా తాతకి ఎక్కడిది? కన్య అనే మాట మా పల్లెలోకి రాకపోవడానికి కారణం ఇదే. ఊళ్ళో పదేళ్ళ కుర్రాడు మా అరవయ్యేళ్ళ నాయనమ్మని ‘ఏమే’ అనేవాడు. పెళ్ళయినదానికీ, కానిదానికీ, మొగుడు పోయినదానికీ అదే ‘ఏమే’. పెళ్ళి వల్ల ఆడదానికి వచ్చే గౌరవం అంటూ ఒకటుంటే అది మా ఆడవాళ్ళకి ఊళ్ళో ఎప్పుడూ రాలేదు. రాని గౌరవం కోసం మా పిల్లల్ని తొందరపెట్టడం నాకు చిన్నప్పట్నించీ వింతగానే ఉంది.

ఉత్తరాల్లో, శుభలేఖల్లో వాడే పొడి అక్షరాలు చూడండి. పెళ్ళికూతురికి ‘చి.ల.సౌ.’ పెళ్ళి ఇంకా జరక్కుండానే ఆమె సౌభాగ్యవతి. మొగుడు పోయినామెకి ‘గం.భా.స.’, గంగాభాగీరథీ సమానురాలు. గంగతో పోల్చి గుండు గీయించిన మర్యాద అది. ఒకదానికి మొగుడు రాబోతున్నాడు, ఇంకోదానికి పోయాడు. మొగుడి లెక్క లేని ఆడదానికి ఈ భాషలో పొడి అక్షరాలు కూడా లేవు.

గురజాడ ‘కన్యాశుల్కం’ పాతికేళ్ళుగా పాఠం చెబుతున్నాను. గొప్ప నాటకం. 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో ఆయన ఒక లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా తీయిస్తే 1,034 తేలాయి. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. ఈ లెక్క చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. కన్య అనే మాట ఎవరి పిల్లలకి గౌరవం ఇచ్చిందంటున్నామో ఆ పిల్లల్నే అది అమ్మింది.

కాని అదే నాటకంలో మధురవాణిని చూడండి. ఆమె కన్య కాదు, భార్య కాదు, వితంతువు కాదు. సాని. నాటకమంతా తన తెలివితో నడిపించిన మనిషికి ‘పెళ్ళి కాలేదు’ అన్న మాట కూడా వర్తించదు. ఆ మాట వర్తించాలన్నా ఒక కులపు గడప లోపల పుట్టి ఉండాలి. మధురవాణి మా కులం మనిషి కాదు. అయితే ఆ గడప బయట నిలబడ్డవాళ్ళ వరసలో ఆమె ముందుంటే ఆమె వెనక మేమున్నాం. క్లాసులో పిల్లలు బుచ్చమ్మ పెళ్ళి గురించి అడుగుతారు, సుబ్బి పెళ్ళి గురించి అడుగుతారు. మధురవాణి పెళ్ళి గురించి అడిగిన పిల్ల ఇంతవరకూ నాకు తగల్లేదు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. అది చరిత్ర. దానికి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి. మా పల్లెల్లో మొగుడు పోయినామె, మొగుణ్ణి వదిలేసినామె పెద్దల ముందు తెగతెంపులు చేసుకుని మళ్ళీ మనువాడటం అంతకుముందే ఉంది. దాని పేరు మారుమనువు. అది ఎవరి చరిత్రలోకీ ఎక్కలేదు. పైగా మారుమనువు ఉంది కాబట్టి తక్కువ కులం అన్నారు. ఒకే పని అగ్రహారంలో సంస్కరణ, పల్లెలో నీతిమాలినతనం. తెలుగులో మనువు అంటే పెళ్ళి. మనువు అంటే ధర్మశాస్త్రం చెప్పినవాడు కూడా. ఆ రెండు మాటల పుట్టుకలు వేరు కావచ్చు, మన మీద చేసిన పని ఒకటే.

ఇక మగవాళ్ళ మాట ‘బ్రహ్మచారి’. ఉపనయనం అయ్యి వేదం చదువుకునే దశలో ఉన్నవాడు బ్రహ్మచారి. జంధ్యం లేనివాడికి ఆ మాట పుట్టలేదు. వేదం చెవిన పడటమే నేరమైన మా తాతలకి బ్రహ్మచర్యం ఎక్కడిది? తర్వాత్తర్వాత అది పెళ్ళిలేని మగవాళ్ళందరికీ పాకింది. బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరావని సామెత పుట్టింది. పిల్ల దొరక్క మిగిలిపోయినవాణ్ణి ఘోటక బ్రహ్మచారి అని ఎగతాళి చేశారు. 2004లో వచ్చిన ‘మల్లీశ్వరి’ సినిమా తర్వాత ‘పెళ్ళికాని ప్రసాద్’ ఇంటింటి మాటయింది. ఈ ఎగతాళి అంతట్లోనూ ఒక ముద్దు ఉంది గమనించండి. ప్రసాద్ సినిమాకి హీరో. చివరికి మల్లీశ్వరి దొరుకుతుంది. అదే వయసు ఆడదాన్ని మధ్యలో పెట్టి అంత సరదాగా తీసిన తెలుగు సినిమా ఏదో మీరే గుర్తు చేసుకోండి. ఆడపిల్లకి ఉన్న మాట ‘గుండెల మీద కుంపటి’. కుంపటి అన్నాక సరదా ఏముంటుంది?

బ్రాహ్మణ పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అని ఒక తంతు ఉంది. పెళ్ళికొడుకు గొడుగేసుకుని, కర్ర పట్టుకుని, నాకీ సంసారం వద్దు కాశీకి పోతానని బయల్దేరతాడు. ఆడపెళ్ళివారు బతిమాలి వెనక్కి తెస్తారు. అది నాటకమే. కాని ఏం చెబుతోంది? పెళ్ళి వద్దనే హక్కు మగవాడికుందని ఆ వేళ అందరి ముందూ ఒప్పుకుంటోంది. పెళ్ళికూతురు గొడుగేసుకుని బయల్దేరే తంతు మాత్రం లేదు.

ఈ కాశీయాత్ర పక్కన జాషువా ‘గబ్బిలం’ పెట్టి చదవండి. 1941 నాటి కావ్యం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడికి భార్య ఉంది. దూరంగా ఉన్న ఆమె కోసం మేఘంతో కబురు పంపుతాడు. జాషువా మనిషికి భార్య లేదు. అతనికి పెళ్ళి చేసినవాళ్ళు లేరు. అందువల్ల మరో బానిసని కనే బాధ ఈ నేలకి తప్పిందన్న అర్థం వచ్చేట్టు రాస్తాడు కవి. పెళ్ళి లేకపోవడం ఇక్కడ ఆశ్రమధర్మం కాదు, త్యాగం కాదు, వేళాకోళం అసలే కాదు. ఆకలి చేసిన పని, కులం చేసిన పని. ఆ పెళ్ళిలేని మనిషి కాశీకి తాను పోలేడు, పోయినా గుళ్ళోకి రానివ్వరు. గుడి చూరుకి వేలాడే గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు. అక్కడ కాశీకి పోతానన్నవాణ్ణి బతిమాలి వెనక్కి తెస్తారు. ఇక్కడ వీడి గోడు వినేవాడే లేడు. పెళ్ళిలేనితనాన్ని నేరారోపణగా మార్చిన కావ్యం తెలుగులో నాకు ఇదొక్కటే కనిపించింది. మన విమర్శకులు గబ్బిలంలో అంటరానితనం చూశారు, ఆకలి చూశారు. అతని ఒంటరి పక్క గురించి ఇంకా రాయాల్సింది చాలా ఉంది.

అయితే గబ్బిలం కూడా మగవాడి గోడే. మా ఆడవాళ్ళకి మిగిల్చిన మాటలు వేరే ఉన్నాయి. తెలంగాణలో జోగిని. రాయలసీమలో బసివి. చిత్తూరు వైపు మాతమ్మ. ఎక్కువమంది మాల మాదిగ ఇళ్ళ పిల్లలే. ఎల్లమ్మ పేరనో, పోచమ్మ పేరనో, పోతరాజుతో పెళ్ళి అనో మెడలో తాళి కడతారు. దేవుడు మొగుడు కాబట్టి ఆ మొగుడు చావడు, కాబట్టి ఆమె నిత్యసుమంగళి. పెళ్ళయిందంటే మొగుడేడి? కాలేదంటే మెడలో తాళేంది? ఈ రెంటికీ మధ్య ఉన్న సందులోంచి ఊళ్ళో మోతుబరులందరూ ఆమె గుడిసెలోకి నడిచారు. కన్య అనే మాట ఒక ఆడదాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసింది. జోగిని అనే మాట ఇంకో ఆడదాని తలుపే పీకేసింది. రెండు మాటలూ ఒకే ఊళ్ళో, ఒకే పెద్దల నోట పుట్టాయి. వాళ్ళ కన్యలు భద్రంగా ఉండటానికి మా పిల్లలు జోగినులు కావాల్సొచ్చింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీగా అంకితమివ్వడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం తాళి తెంపగలదేమో గాని, బళ్ళో చేర్చేటప్పుడు తండ్రి పేరేందని అడిగే అయ్యోరి నోరు మూయించలేదు.

ఈ ‘కన్య’ మాట పోలీసుస్టేషను దాకా, కోర్టు దాకా వస్తుంది. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్లని స్టేషనులోనే ఇద్దరు పోలీసులు చెరిచారని కేసయింది. కింది కోర్టు ఆ పిల్ల నడవడి మీద తీర్పు రాసి పోలీసుల్ని వదిలేసింది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది. చెడినామె కన్యా కాదా అని వేళ్ళతో చూసే పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2022లో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఒక్క మాట ఎంత కాలం ఎంతమంది ఒంటి మీద బతికిందో చూడండి.

మా గుంటూరు పల్లెల్లో పెళ్ళిలేని ఆడదాన్ని చూసి తల వంచి దణ్ణం పెట్టిన సందర్భం ఒకటుంది. అది మిషను ఆస్పత్రిలో. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ పెళ్ళి చేసుకోలేదు. 1898లో ఆస్పత్రి తెరిచి, 1930లో ఇక్కడే చనిపోయింది. ఆమెలాంటివాళ్ళని మావాళ్ళు మిస్సమ్మ అన్నారు. ‘మిస్సు’కి మన ‘అమ్మ’ని తగిలించి ఒక కొత్త మాట చేసుకున్నారు. పెళ్ళి లేకుండా, పిల్లలు లేకుండా ‘అమ్మ’ అనిపించుకోవచ్చని మా పల్లెకి మొదట తెలిసింది ఆ మాటతోనే. తెల్లతోలు, మిషను జీతం వెనకున్నాయి కాబట్టి ఆ గౌరవం దక్కిందన్నదీ నిజమే. ఆ పక్కనే మా నల్లతోలు బైబిలు స్త్రీలు కూడా సంచి తగిలించుకుని ఊరూరా తిరిగారు. వాళ్ళకి దక్కింది అందులో వీసమెత్తు. అయినా మా నాయనమ్మ ఆ మాటని గౌరవంగానే పలికేది.

ఆ మాటని తెలుగు సినిమా ఏం చేసిందో చూడండి. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ అందరం ఇష్టంగా చూసిన సినిమా. నేనూ చూశాను, ఇప్పటికీ చూస్తాను. ఒక జమీందారు బడికి పంతులు ఉద్యోగాలున్నాయి. భార్యాభర్తలైతేనే ఇస్తారు. పెళ్ళిలేని ఇద్దరు మొగుడూ పెళ్ళాల్లా నటించి ఉద్యోగం సంపాదిస్తారు. పెళ్ళిలేనివాళ్ళకి కూడు కూడా పుట్టదని ఇంత బాగా చెప్పిన కథ ఇంకోటి లేదు. కాని ముగింపు చూడండి. క్రైస్తవ పిల్ల మేరీ నిజానికి ఆ జమీందారు ఇంట తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. అలా తేలాకే పెళ్ళి కుదురుతుంది. మిస్సమ్మ మిస్సమ్మగా ఉండి, మేరీ మేరీగా ఉండి ఆ కుర్రాణ్ణి చేసుకోవడానికి కథ ధైర్యం చెయ్యలేదు. ముందు కులం దొరకాలి, తర్వాతే మొగుడు. ఎంత నవ్వించినా ఈ లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు.

ఈ లెక్కని 1916లోనే విప్పి చూపించినవాడు అంబేద్కర్. ఆ ఏడాది మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ‘భారతదేశంలో కులాలు’ అనే వ్యాసం చదివాడు. అప్పటికి ఆయనకి 25 ఏళ్ళు. కులం నిలబడేది తమలో తాము పెళ్ళి చేసుకోవడం మీద. అలా నిలబడాలంటే లోపలి ఆడా మగా లెక్క సరిపోవాలి. మొగుడు పోయిన ఆడది లెక్కకి మిగులు. పెళ్ళాం పోయిన మగవాడూ మిగులే. మిగులు ఆడదాన్ని కాల్చారు, లేదా ఎప్పటికీ వితంతువుగా ఉంచారు. మగవాణ్ణి కాల్చలేరు గదా! అతని మీద బ్రహ్మచర్యం పెట్టాలి, అది సాగదు కాబట్టి పెళ్ళీడు రాని పిల్లని తెచ్చి కట్టబెట్టాలి. గురజాడ లెక్కలోని ఏడాది పిల్లలు ఎక్కణ్ణించి వచ్చారో దీన్నిబట్టి తెలుస్తుంది. పెళ్ళి లేకుండా ఉండటం అనేది ఒక మనిషి సొంత గొడవ అనుకుంటాం. కాదు. కులం కంచెలో ఎక్కడ కంత పడుతుందో అక్కడ కాపలా పెట్టిన మాటలు ఇవి.

పట్నంలో ఈ కాపలా ఎలా నడుస్తుందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దెకి ఇల్లు వెతికాను. ఒక ఇంటావిడ ‘ఒంటరి ఆడవాళ్ళకివ్వమమ్మా, ఫ్యామిలీకే’ అంది. సరేననుకున్నాను. మరుసటి వారం మా కాలేజీలోనే పనిచేసే ఇంకో దళిత ఉపాధ్యాయిని మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని అదే ఇంటికి వెళ్ళింది. ‘మీరేమిట్లు?’ అని అడిగారు. చెప్పింది. ‘మావాళ్ళొస్తున్నారండీ’ అన్నారు. నెల తిరక్కుండా ఆ ఇంట్లో బ్యాంకులో పనిచేసే పెళ్ళిలేని కుర్రాడు దిగాడు. అతనిదీ ఇంటివాళ్ళదీ ఒకే కులం. కాబట్టి ‘ఒంటరి’ అన్నది కారణం కాదు, కులం పేరెత్తకుండా కాదనడానికి ముందు వేసిన తెర. పెళ్ళిళ్ళ ప్రకటనల్లో ‘కులం పట్టింపు లేదు’ అని రాసి, ఆ పక్కనే ‘ఎస్సీ ఎస్టీలు మినహా’ అని రాసినట్టే.

మరి మన పల్లెల్లో అంతా బాగుందా? లేదు. అలా అంటే అబద్ధమవుతుంది. మా మేనత్త మొగుణ్ణి వదిలేసి వచ్చి ముప్పయ్యేళ్ళు కూలి చేసుకుని బతికింది. ఆమెని పల్లె ‘ఒంటిది’ అంది. మగదిక్కు లేనిదంది. కూలి డబ్బుల దగ్గర మేస్త్రీ ముందు కోత పెట్టేది ఆమెకే. ఎవరి గొడ్డు తప్పిపోయినా, ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా ఆమె చూపు మీద పడేవాళ్ళు. మాయమ్మ మాత్రం నాతో ఒక మాట అనేది. ‘పెళ్ళి నాకు ఒక్క పూట కూలి తగ్గించిందా? ఇష్టమైతే చేసుకో, లేకపోతే మానుకో. అన్నం మాత్రం నీ చేత్తో సంపాదించుకుని తిను.’ చదువు రాని మాయమ్మ ‘చేసుకో’ అంది. ‘చేస్తాం’ అనలేదు, ‘అవుతుంది’ అనలేదు.

చదువులొచ్చి, ఉద్యోగాలొచ్చి మనం కొంచెం పైకి రాగానే చేసిన మొదటి పని కట్నం తేవడం. రెండో పని శుభలేఖ మీద చి.ల.సౌ. అచ్చేయించడం. ఇది ఎవరి భాష, ఎవరి మర్యాద అని ఒక్కసారి చూసుకోలేదు. ఉద్యమంలో కూడా అంతే. మీటింగు అయిపోయాక నాయకుడు పలకరిస్తాడు: ‘ఏం చెల్లెమ్మా, ఇంకా కాలా?’ వేదిక మీద రెండు గంటలు మనుధర్మాన్ని తగలబెట్టినవాడే! ‘కాలేదు కాదన్నా, చేసుకోలా’ అంటే నవ్వేసి, ‘మనలో మంచి కుర్రాళ్ళున్నారు, చూస్తాం’ అంటాడు. మళ్ళీ చూసేది వాళ్ళే, చేసేది వాళ్ళే. మన కవులు అమ్మ మీద రాశారు. మంచి పద్యాలు రాశారు. ఆలి మీద రాశారు. పెళ్ళి చేసుకోని అక్క మీద రాసింది వెతికితే వేళ్ళ మీద లెక్కపెట్టేంత దొరుకుతుంది. అమ్మగా, చెల్లెమ్మగా తప్ప ఆడమనిషిని చూడలేని కవిత్వం ఎంత ఎర్రగా ఉన్నా, ఎంత నీలంగా ఉన్నా పాత ఇంటి వాసన పోదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చి దళిత స్త్రీల రాతల్ని ఒక చోటికి చేర్చాక ఈ లోటు ఎంతుందో ఇంకా బాగా కనపడింది.

ప్రభుత్వానికి కూడా ఈమధ్య మేం కనపడ్డాం. తెలంగాణలో 2017లో నెలకి 1,000 రూపాయల జీవనభృతి మొదలుపెట్టారు. పేరు ‘ఒంటరి మహిళ’. పెళ్ళిలేనామెకి పల్లెలో 30 ఏళ్ళు, పట్నంలో 35 దాటాలి. డబ్బు ఇవ్వడం మంచిదే. పూట గడవనివాళ్ళకి అది గింజ. ఆ పేరుతోనే నా పేచీ. ముసలి తల్లినీ, తమ్ముడి పిల్లల్నీ తన రెక్కల మీద సాకే ఆడమనిషి ఒంటరి ఎట్లా అవుతుంది? మొగుడొక్కడు లేకపోతే ఇల్లంతా ఖాళీ అనే లెక్క ఎవరిది? 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గర్భస్రావం కేసులో పెళ్ళయినామెకి ఒక న్యాయం, కానామెకి ఒక న్యాయం చెల్లదంది. 20 నుంచి 24 వారాల మధ్య గర్భం తీయించుకునే హక్కు ఇద్దరికీ సమానమేనంది. కోర్టు ఇంత దూరం వచ్చింది. మన సంకలనాల పరిచయాలు ఇంకా రాలేదు.

కన్య మాట మాకూ ఇవ్వండి, చి.ల.సౌ. మాకూ పెట్టండి అని నేను దేబిరించడం లేదు. వాళ్ళ ఇళ్ళ తాళాలు మనకెందుకు? బ్రహ్మచారి అనే మాట మన తమ్ముళ్ళకి అక్కర్లేదు. అవివాహిత అనే మాట మన చెల్లెళ్ళకి అక్కర్లేదు. మనకి ‘చేసుకోను’, ‘చేసుకోలేదు’, ‘చేసుకున్నాను’, ‘వదిలేశాను’, ‘మళ్ళీ చేసుకున్నాను’ అనే మాటలున్నాయి. ఇవన్నీ పల్లె మాటలే. అన్నిట్లోనూ పని చేసే మనిషి కనపడుతుంది.

విద్యార్థులకి నేను చెప్పేది చిన్న పని. హాస్టలు దరఖాస్తులో ‘తండ్రి లేక భర్త పేరు’ అన్న గడి కనపడితే తల్లి పేరు రాసే చోటు అడగండి. జోగిని బిడ్డ కూడా మీ పక్క మంచంలోనే ఉంటుంది, ఆ పిల్ల కోసమైనా అడగండి. కార్యకర్తలకి చెప్పేది ఇంకా చిన్నది. మీటింగుకి వచ్చిన ఆడమనిషిని ముందు ఆమె పని గురించి అడగండి, పెళ్ళి గురించి అడక్కండి. సంపాదకులకి చెప్పేది ఒకటే. ఈ పుస్తకంలో నా పరిచయం వేస్తే, నేను రాసి పంపిన క్రియాపదాన్ని దిద్దొద్దు.